రుస్తాఖ్ గోడ మీద నా చేతి గుర్తు

రుస్తాఖ్ వెళ్ళడానికి కారణం నా కుడి భుజం. 2015 చలికాలం మొదట్లో, సర్జికల్ వార్డులో ఒక భారీ మనిషిని మంచం మీంచి స్ట్రెచర్ మీదకి మారుస్తుంటే లోపల ఏదో పటుక్కుమంది. ఆ రోజు పట్టించుకోలేదు. మర్నాడు జడ వేసుకుందామంటే చెయ్యి చెవి దాటి పైకి రాలేదు. డాక్టరు చూసి, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే చోట వాచిందనీ, ఆరు వారాలు బరువులెత్తొద్దనీ, చెప్పిన వ్యాయామాలు చెయ్యమనీ అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే మాట పేషెంట్లకి నేను చెబుతున్నాను. వాళ్ళు నా మాట ఎంత శ్రద్ధగా వింటారో నేనూ డాక్టరు మాట అంతే శ్రద్ధగా విన్నాను.

మాది నరసాపురం దగ్గర. మస్కట్ వచ్చి పదమూడేళ్ళయింది. అల్ హైల్‌లో ఎస్తేరు అనే గుంటూరు నర్సుతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటాను. మా ఆసుపత్రిలో కాంట్రాక్టు పొడిగించే ముందు వార్డు నర్సులకి చిన్న పరీక్ష ఒకటి పెడతారు. ఇద్దరు నర్సులు చెరోపక్క దుప్పటి పట్టుకుని మంచం మీది మనిషిని స్ట్రెచర్ మీదకి చేర్చాలి, అంతే. చెయ్యి లేవకపోతే వార్డు పోతుంది. వార్డు పోతే ఎక్కడ కూర్చోబెడతారో, అసలు ఉంచుతారో పంపేస్తారో చెప్పలేం. నా వంతుకి ఇంకా మూడు వారాలుంది. నా ఉపాయం నాకుంది. పరీక్ష రోజు పొద్దున్నే ఎస్తేరు చేత నొప్పి సూది ఒకటి వేయించుకుని వెళ్ళిపోవడం. డాక్టరు రాయనిదే పేషెంటుకి ఒక్క చుక్క మందివ్వం మేము. మాకు మేము మాత్రం పప్పులో ఉప్పేసుకున్నంత తేలిగ్గా సూదులేసుకుంటాం. ఇది చదివే సిస్టర్లు మొహం పక్కకి తిప్పుకోనక్కర్లేదు, నేనేం పేర్లు చెప్పడం లేదు.

అలాంటి రోజుల్లో ఖాజా భాయ్ కనిపించాడు. ఆయనది కడప, యాభై దాటిన మనిషి, మా వీధి చివర వర్క్‌షాపులో ఏసీలు బాగుచేస్తాడు. ఒకసారి వేలు నలిగి మా ఆసుపత్రికి వస్తే నేనే కట్టు కట్టాను. అప్పట్నుంచి ఎక్కడ కనిపించినా ఆగి పలకరిస్తాడు. ఆ రోజు నేను ఎడంచేత్తో కూరల సంచి మోసుకొస్తుంటే చూసి కారు ఆపాడు.

"ఏంది సిస్టర్, ఆ చెయ్యి యాలాడేసుకోని పోతాండారు?"

సంగతి చెప్పాను. పరీక్ష గురించి చెప్పాను గానీ సూది గురించి చెప్పలేదు.

"మా చెల్లెలు రుస్తాఖ్‌లో ఉండాది. ఆడోళ్ళకు కసరత్తు నేర్పిస్తాది. ఆ ఊర్లో వేణ్నీళ్ళ ఊట గూడా ఉండాది. శనివారం నేను పోతాండా, మీరూ రాండి" అన్నాడు.

శుక్రవారం నాకు కుదరదు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగువాళ్ళ ఆదివారపు ఆరాధన కూడా శుక్రవారానికే మారింది. ఆ వారం శనివారం కూడా డ్యూటీ లేదు. వెళ్దామనుకున్నాను.

శనివారం పొద్దున అయిదున్నరకి ఎస్తేరు సూది సిద్ధం చేసి నడుం కింద ఎడంవైపు పొడిచింది. పొడుస్తూ, "ఇది కారులో కూర్చోడానికా అక్కా, పరీక్షకి రిహార్సలా?" అని అడిగింది. "రెండూ" అన్నాను. ఆమె దూది అదిమి పట్టి ఇంకేం అనలేదు. ఎస్తేరు ఏమీ అనలేదంటే చాలా అనాలని ఉందని అర్థం.

ఆరుంపావుకి బయల్దేరాం. ఆ వేళకి హైవే మీద రద్దీ ఉండదు. సీబ్ దాటి సముద్రం పక్కనుండే బాతినా రోడ్డు పట్టుకుని బర్కా దాకా వెళ్ళి, అక్కడ ఎడమకి తిరిగితే నఖల్ మీదుగా నేరుగా రుస్తాఖ్. బర్కా మలుపులో మలబారు వాళ్ళ టీకొట్టు ముందు ఆగి కరక్ చాయ్ తాగాం. కప్పు వంద బైసాలు, రియాల్‌లో పదో వంతు. యాలకులు దంచి వేసిన ఆ చిక్కటి టీ కోసమైనా అక్కడ ఆగొచ్చు. కారు దిగకుండానే హారన్ కొడితే తెచ్చిస్తారు. సొంత బండి గానీ తెలిసినవాళ్ళు గానీ లేకపోతే, సీబ్ గడియారం స్తంభం దగ్గర ఒమనీ టాక్సీలు దొరుకుతాయి. నలుగురు నిండేదాకా ఓపిక పడితే తలకి రెండు రియాళ్ళు, ఒక్కళ్ళనే తీసుకెళ్ళమంటే పదిహేను దాకా అడుగుతారు. బర్కా దాటాక సముద్రం గాలి పోయి పొడిగాలి మొదలవుతుంది. ఎదురుగా గడ్డిపోచ లేని గోధుమరంగు కొండలు, వాటి కాళ్ళ దగ్గర ఉన్నట్టుండి పచ్చటి ఖర్జూరం తోటలు. నఖల్ కోట రోడ్డు మీంచే కనిపిస్తుంది. నేను చూస్తూ కూర్చున్నాను. భుజం మాట్లాడ్డం మానేసి అప్పటికి గంటయింది.

దారిలో ఖాజా భాయ్ చెల్లెలి సంగతి చెప్పాడు. పేరు ఖైరూన్. పదేళ్ళ కింద ఒక ఒమనీ ఇంట్లో ముసలావిడని చూసుకోడానికి వచ్చింది. ఆ ముసలావిడకి పక్షవాతం వచ్చి ఒక చెయ్యి బిగుసుకుపోయింది. ఆవిడ కూతురు బడిలో టీచరు, అందరూ అబ్లా అంటారు, అంటే పంతులమ్మ. వారానికోసారి ఫిజియోథెరపీ మనిషి వచ్చి వ్యాయామం చూపించి వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ ఖైరూన్ చేయించేది. ముసలావిడ పోయాక, అబ్లా ఉద్యోగం విరమించి అదే ఇంటి కింది భాగంలో ఆడవాళ్ళ కసరత్తు కేంద్రం తెరిచింది. నేర్పించే పని ఖైరూన్‌కి ఇచ్చింది.

"కొంచెం నోరు జాస్తి దానికి. మీరేం అనుకోవద్దండి సిస్టర్" అన్నాడు.

"వార్డులో ఉన్నదాన్ని భాయ్, నేను పడని మాటలా?" అన్నాను.

ఎనిమిదింపావుకి రుస్తాఖ్ చేరాం. స్టూడియో తొమ్మిదికి గానీ తెరవరు కాబట్టి ముందు ఊట దగ్గర దింపమన్నాను. ఐన్ అల్ కస్ఫా అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నేల లోంచి వేడినీళ్ళు ఉబికి ఒక గోడకట్టు మడుగులోకి చేరి, అక్కడ్నించి స్నానాల గదుల్లోకి, ఆ తర్వాత కాలవల్లో తోటలకి పోతాయి. ఆడవాళ్ళకి వేరే గదులున్నాయి. డబ్బులేం అడగరు. పొడుగు చేతుల పాత చుడీదారు ఒకటి వెంట తీసుకెళ్ళండి, అక్కడ అందరూ నిండుగా బట్టలతోనే దిగుతారు. లోపల ఒక ముసలి ఒమనీ అమ్మ కాళ్ళు మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను కాలి వేలు ముంచి వెనక్కి లాక్కుంటే నవ్వి, రా రా అని చేత్తో పిలిచింది. తన దోసిలితో నా భుజం మీద నీళ్ళు పోసింది. ఎందుకు వచ్చానో అడగనే లేదు, ఏ వైపు నొప్పో నేను నడిచే తీరులోనే చూసినట్టుంది.

పది నిమిషాలకి చెయ్యి ఎత్తి చూశాను. చెవి దాటింది. తల దాటింది. నిలువునా లేచింది. రెండు నెలల తర్వాత నా చెయ్యి నా తలపైన చూసుకుని నాకు ఏడుపొచ్చింది. సూది సంగతి మరిచిపోయానని అబద్ధం చెప్పను. కానీ నీళ్ళకి కూడా కొంత వాటా ఇచ్చాను, ప్రార్థనకి కొంత ఇచ్చాను. పరీక్ష గండం గట్టెక్కినట్టే అనుకున్నాను. ఆ గదిలో నాకంటే సంతోషంగా ఉన్న మనిషి లేదు.

స్టూడియో అక్కడికి కారులో అయిదు నిమిషాలు, బజారు వెనక వీధిలో. బయటనుంచి చూస్తే మామూలు ఇల్లు. అద్దాలకి లోపల మందపాటి తెరలు, గేటు మీద అరబ్బీలో చిన్న బోర్డు. మగవాళ్ళు గేటు దాటరు. ఖాజా భాయ్ వీధిలోంచే చెల్లెల్ని కేకేసి, తెచ్చిన మూటలు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది, శుక్రవారం సెలవు. నెలకి పది రియాళ్ళు, ఒక్క రోజుకైతే ఒక రియాల్. లోపల నడిచే మిషన్లు రెండు, సైకిళ్ళు మూడు, నేల మీద చాపలు. గుమ్మం పక్కన కొక్కేలకి నల్లటి అబాయాలు వరసగా వేలాడుతుంటే, అవి విడిచిన ఆడవాళ్ళు పసుపూ ఎరుపూ పూల గౌన్లతో చాపల మీద కాళ్ళు చాపుతున్నారు. ఒక మూల ట్రేలో కహ్వా (అరబ్బీ కాఫీ) ఫ్లాస్కు, ఖర్జూరాలు. అరగంట చెమటోడ్చి, ముప్పావు గంట ఖర్జూరాలు తినడం ఇక్కడి పద్ధతి. నేనేం తప్పు పట్టను, మా వార్డులో డైటు క్లాసు అయ్యాక సమోసాలు పంచుతారు.

నన్ను ఆపేసింది వీటిలో ఏదీ కాదు. వంటగది వైపు గోడ. ఇల్లంతా తెల్లటి కొత్త రంగు ఉంటే ఆ ఒక్క గోడ పాత రంగుతో వదిలేశారు. దాని మీద నేల నుంచి పైదాకా పెన్సిలు గీతలు, ప్రతి గీత పక్కనా ఒక పేరు. ముసలావిడకి రోజూ చేయించిన వ్యాయామం అదేనట. గోడకి ఎదురుగా నిలబడి, చేతి వేళ్ళని చీమల్లా గోడ మీద పైకి నడిపించి, ఎక్కడ ఆగితే అక్కడ గీత గీయడం. ఆవిడ గీతలు నా నడుం ఎత్తులో మొదలై నా మొహం ఎత్తులో ఆగిపోయాయి. ఆ గోడకి రంగు వెయ్యడానికి అబ్లా ఒప్పుకోలేదు. తర్వాత వచ్చినవాళ్ళందరూ దాని మీదే గీతలు పెట్టుకున్నారు.

ఖైరూన్‌కి నలభై అయిదు ఉంటాయి. సన్నగా, గట్టిగా, కళ్ళు అటూ ఇటూ పోకుండా చూసే మనిషి. కుర్చీ చూపించి కూర్చోమని, కహ్వా పోసి, మూడు ప్రశ్నలు వేసింది.

"నీళ్ళలోంచి వస్తాండారా?"

"అవును."

"గుర్తు మాత్రం ఉత్త చెయ్యికే పెడ్తాం. వేణ్నీళ్ళు తగిల్తే ఎవరి చెయ్యైనా లేస్తాది. సరే, మాత్రలేమన్నా మింగినారా?"

"లేదు."

"సూది?"

"లేదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆపరేషనుకి ముందు ఏమైనా తిన్నారా అని అడిగితే మా పేషెంట్లు సరిగ్గా అలాగే అంటారు.

గోడ దగ్గరికి వెళ్ళాను. వేళ్ళు నడిపించాను. ముసలావిడ చివరి గీత దాటాయి, అందరి గీతలూ దాటాయి, తలుపు పైకమ్మి ఎత్తుకి చేరాయి. వెనక ఇద్దరు ఒమనీ ఆడవాళ్ళు మాషా అల్లా అన్నారు. ఆ ఊపులో రాక్ మీది రెండు కేజీల డంబెల్ తీసి పైకెత్తాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. పెన్సిలు కోసం చెయ్యి చాపాను. ఖైరూన్ పెన్సిలు ఇవ్వలేదు. నా చేతిలోంచి డంబెల్ తీసుకుని రాక్‌లో పెట్టింది, వచ్చి నా భుజం ముందువైపు బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"ఈడ నొక్కితే నువ్వు ఎగిరి గంతెయ్యల్ల" అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వులోకి దిగింది. "కుర్చీలో కూచున్నెప్పుడే చూసినా. ఎడం పక్క ఆనకుండా ఒక పక్కకు కూచున్నావు. సూది యాడేసుకోనొచ్చినావో అప్పుడే తెల్సిపాయ."

నేను భుజం మీద చున్నీ సర్దుకున్నాను.

"నువ్వు నర్సువంట గదక్కా. ఏంటికిట్లా?"

అప్పుడు చెప్పాను. పరీక్ష సంగతి, పరీక్ష రోజు పొద్దున కూడా ఇలాగే సూదితో గట్టెక్కుదామనుకున్న సంగతి. ఆమె జాలిపడుతుందనుకున్నాను. పడలేదు.

"సరే, పరీక్ష పాసైతావు. మర్నాడు డ్యూటీకి పోతావు, ఆ పొద్దు సూది ఉండదు. ఒక పక్క ఇంకో నర్సు, ఒక పక్క నువ్వు, నడాన మనిషి. నీ పక్క దుప్పటి జారితే ఆ మనిషి యాడ పడ్తాడు?"

ఇరవై రెండేళ్ళలో ఆ దుప్పటి ఎన్ని వందలసార్లు పట్టుకున్నానో. దాని మీద ఉండే మనిషి సంగతి ఆ రెండు నెలల్లో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. నా వార్డు, నా కాంట్రాక్టు, నా చెయ్యి, అంతే. సిగ్గేసింది. కహ్వా కప్పు ఆమె మళ్ళీ నింపబోతే, చాలని కప్పు అటూ ఇటూ ఊపి కింద పెట్టేశాను.

"ఆ పైకి ఎక్కింది నీ చెయ్యి కాదు, సూది. దాని పేరు నేను ఆ గోడ మింద రాయను. వచ్చే శనివారం రా. ఉత్త చెయ్యి తీసుకోని రా" అంది. రియాల్ ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ పొద్దు నువ్వేం నేర్చుకున్యావని" అంది. నోరు జాస్తి అని ఖాజా భాయ్ ముందే చెప్పాడు, ఆయన తప్పేం లేదు.

మధ్యాహ్నం బజారులో చేప, అన్నం తిని (ఒకటిన్నర రియాల్, పెద్ద పళ్ళెం, ఇద్దరికి సరిపోతుంది) మూడింటికి తిరుగుముఖం పట్టాం. నఖల్ దాటేసరికి సూది దిగిపోయింది. నాలుగుసార్లు ఎత్తిన ఆ డంబెల్‌కి భుజం వడ్డీతో సహా బదులు చెప్పడం మొదలుపెట్టింది. అల్ హైల్‌లో కారు తలుపు తీసుకోలేకపోతే ఖాజా భాయ్ దిగి వచ్చి తీశాడు. చెల్లెలి దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇలా దిగడం ఆయనకి కొత్త కాదేమో.

ఆ తర్వాతి శనివారం పొద్దున సూది వెయ్యనా అని ఎస్తేరు అడిగింది, వద్దన్నాను. సూది లేని ఆ రెండు గంటల కారు ప్రయాణంలో ప్రతి గతుకూ నాకు పేరుపేరునా తెలుసు. ఈసారి ఊట దగ్గరికి ముందు వెళ్ళలేదు. తొమ్మిదికి స్టూడియో గుమ్మంలో ఉన్నాను. గోడ ముందు నిలబడి వేళ్ళు నడిపించాను. నడుం దాటాయి. ఛాతీ దాటాయి. లైటు స్విచ్చి దగ్గర ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి ఇంకో వేలెడు పాకించబోతే ఖైరూన్ నా మణికట్టు పట్టుకుంది.

"చాలు. ఈడే."

గీత గీసింది. పక్కన అబ్లా నా పేరు అరబ్బీలో రాసింది, దాని కింద నేను ఎడంచేత్తో వంకరటింకరగా తెలుగులో సుగుణ అని రాసుకున్నాను. చూస్తే, ఆ ముసలావిడ ఆఖరి గీతకి అది బాగా కిందన ఉంది. పక్షవాతం వచ్చిన డెబ్భై ఏళ్ళ మనిషి నాకంటే ఎత్తుకి అందుకుంది. ఖైరూన్ అది చూసి నవ్వింది. నేను ఆమె నవ్వు చూడ్డం అదే మొదలు. "మా ఉమ్మీ మూడేండ్లు చేసింది అక్కా. నువ్వు ఈ పొద్దే గదా వచ్చింది" అంది. ఉమ్మీ అంటే అమ్మ, ముసలావిడని అలాగే పిలిచేదట.

ఆదివారం డ్యూటీకి వెళ్ళగానే మా ఇన్‌చార్జి సిస్టర్ గదికి వెళ్ళాను. కేరళ మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసు, నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. పరీక్షకి నా పేరు తీసెయ్యండి, నా చెయ్యి ఇంతవరకే లేస్తుంది అని ఆమె బల్ల పక్క స్విచ్చి ఎత్తు దాకా చూపించాను. ఆమె నా చెయ్యి చూసింది. ఎప్పట్నుంచి అని అడిగింది, చెప్పాను. అంతకాలం ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు, ఆమె కూడా నర్సే కదా. నన్ను వార్డు నుంచి తీసి డ్రెస్సింగ్ రూములో వేశారు. కాంట్రాక్టు అందరికీ రెండేళ్ళు పొడిగిస్తే నాకు ఒక్క ఏడాది పొడిగించారు. చెయ్యి బాగుపడితే వార్డు పరీక్ష మళ్ళీ చూద్దామన్నారు. ఆ రోజు డ్యూటీ గదిలో తలుపేసుకుని ఏడ్చాను. వార్డు నాకు ఇల్లు లాంటిది, అందులో ఏ మంచం చక్రం కిర్రుమంటుందో కూడా నాకు తెలుసు.

ఇది రాసేనాటికి అయిదు నెలలయింది. రెండు వారాలకోసారి శనివారం రుస్తాఖ్ వెళ్తున్నాను. గోడ మీద నా గీతలు ఆరయ్యాయి, ఒక దాని మీద ఒకటి, కొన్నిటి మధ్య వేలెడు కూడా తేడా లేదు. పోయినసారి ముసలావిడ ఆఖరి గీతని అందుకున్నాను. అంతే, దాటలేదు. వార్డుకి తిరిగి వెళ్తానో లేదో నాకు తెలీదు. నా చెయ్యి కుదురుకుంటున్నది ఊట నీళ్ళ వల్లా, వ్యాయామం వల్లా అని చాలామంది సిస్టర్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. నీళ్ళు హాయిగా ఉంటాయి, అంతవరకే నేను చెప్పగలను. నాకు పనికొచ్చింది ఆ గోడ. పొద్దున్నే లేచి జడ వేసుకునేటప్పుడు చెయ్యి ఎంతవరకు వస్తే అంతవరకే ఇప్పుడు ఎత్తుతున్నాను, మిగతా జడ ఎస్తేరు వేస్తుంది. మొన్న డ్రెస్సింగ్ రూములో ఒకామె, నొప్పి లేదు సిస్టర్, అంటూ పళ్ళు బిగించింది. కట్టు విప్పడం ఆపి, నిజం చెప్పమ్మా, నేనేం అనుకోను అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఎవరితోనైనా అన్నానో లేదో గుర్తులేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. శనివారం తొమ్మిది లోపు రుస్తాఖ్ చేరేలా బయల్దేరి, ముందు గోడ దగ్గరికి వెళ్ళండి, ఊట దగ్గరికి తర్వాత. ఏ మందూ వేసుకోకుండా మీ చెయ్యి మీరే తీసుకెళ్ళండి. సూది వేసుకుని వెళ్తే మాత్రం, ఖైరూన్ కూర్చోమన్నప్పుడు కుర్చీలో ఎలా కూర్చున్నా దొరికిపోతారు.